కింద కోసేసిన ముక్క

ఆకాశం మరీ ఎర్రగా ఉందంటే కింద ఏదో కాలుతోందని అర్థం. ప్రతిసారీ కాదు. వాన వెలిసిన సాయంత్రం పైన పల్చటి మబ్బు ఉంటే వచ్చే రంగు వేరు, దాన్ని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ మబ్బు తునకైనా లేని ఎండాకాలంలో, సూర్యుణ్ణి రెప్ప వేయకుండా చూడగలిగేంత ఎరుపు వచ్చిందంటే మధ్యలో పొగో ధూళో ఉన్నట్టే. ఫోటోలు తీసేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు. అంటే బేరం చెడుతుంది.

నేను పనిచేసిన స్టూడియో యజమానిని మేము చాటుగా సర్దుబాటు సార్ అనేవాళ్లం. పెళ్లికొడుకు బట్టతల దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా ఏది చెప్పినా "సర్దేద్దాంలే" అంటాడు. ఆయనకు ఒక అపార్ట్‌మెంట్ల కంపెనీ పని దొరికింది. సగం కట్టిన టవర్ తొమ్మిదో అంతస్తు నుంచి సూర్యాస్తమయం ఫోటో కావాలి. చూసినవాడు చూసినచోటే ఆగిపోవాలి.

రెండుసార్లు వెళ్లి తీశాను. గోడలు లేని స్లాబు మీద, సిమెంటు బస్తాల మధ్య ట్రైపాడ్ నిలబెట్టి. రెండుసార్లూ ఉన్నదే వచ్చింది, పాలిపోయిన పసుపు. కంపెనీ మేనేజరు చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటి బాబూ, ఆకాశానికి కామెర్లొచ్చినట్టుంది! ఇది చూసి ఫ్లాటు ఎవడు కొంటాడు?"

సర్దుబాటు సార్ ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లి చాలాసేపు మాట్లాడి వచ్చాడు. "రేపు మళ్లీ వెళ్లరా. రేపు బాగుంటుంది" అన్నాడు.

"మీకెలా తెలుసు సార్?"

"అనుభవం."

మర్నాడు బాగుంది. ఆ స్లాబుకు పడమటి పక్కన ఊరి చెత్తంతా పోసే గుట్ట ఉంది. నేను ట్రైపాడ్ బిగిస్తుండగానే దాని అంచున పొగ లేచింది. చూస్తుండగానే గుట్ట పొడవునా పాకింది. దాని వెనక సూర్యుడు కాల్చిన ఇనప బిళ్లలా దిగాడు. గాలి అటువైపుకు ఉంది కాబట్టి నాకు దగ్గు కూడా రాలేదు. నేను గుట్టతో సహా తీశాను. మంట, దాని మీద తిరిగే పక్షులు, అవతల పొగలో మునిగిన మేడలు, పైన ఆ ఎరుపు. ఈ ఫోటో చూసినవాడెవడైనా ఇంత చెత్త ఎందుకు కాలుస్తున్నారని అడగాలనుకున్నాను. అందుకే గుట్ట లేకుండా ఒక్కటి కూడా తీయలేదు. అది నా తెలివి అనుకున్నాను.

కొన్నాళ్లకు బస్టాండు ఎదురుగా హోర్డింగు లేచింది. నా ఆకాశమే. కింద మూడో వంతు లేదు. గుట్ట లేదు, మంట లేదు, మేడలు లేవు. "ఇలాంటి సాయంత్రం, రోజూ మీ ఇంట్లో" అని రాశారు.

నేను స్టూడియోకి పరుగెత్తినంత పని చేశాను. "కూర తరిగినట్టు తరిగేశారేంటి సార్?"

"కింద ఉన్నది చెత్తేగా. చెత్త తీసేస్తే తప్పా?" అని తన జోకుకు తనే నవ్వాడు.

ఇక మా అక్క. టైలరింగు చేస్తుంది. నన్ను కాలేజీలో చదివించింది ఆ కుట్టుమిషనే. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో, కరెంటు ఆఫీసు నోటీసొచ్చినా ఆస్పత్రి చీటీ వచ్చినా నేను చదివి సరే అంటేనే అక్క సంతకం పెడుతుంది. అక్కావాళ్ల అద్దెమేడ చెత్తగుట్టకు పడమటి వైపు వీధిలో ఉంది. గుట్ట కాలిన రోజు కిటికీలకు తడిగుడ్డలు కడతారు. మేనకోడలిని ఇంట్లో పిచ్చుక అని పిలుస్తాం, అంత సన్నం. పొగ వస్తే దానికి ఊపిరి ఆడదు. ఎలాగైనా అక్కణ్ణుంచి వెళ్లిపోవాలని అక్క పట్టుదల. బస్సు డ్రైవరుగా చేసే బావ ఓవర్‌టైమంతా దానికే.

"ఆదివారం రారా. ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చి సంతకం పెట్టాలి. కాయితాలు నువ్వు చదవాలి" అని ఫోన్ చేసింది.

"ఎక్కడక్కా?"

"వచ్చాక చూద్దువుగాని. నువ్వు ఎగిరి గంతేస్తావు."

బస్సు కాలవ చుట్టూ, రైలు గేటు చుట్టూ తిరిగి, ఇంకో బస్సు మారి చేరాం. అక్కకు అది వేరే ఊరు. నేను మాత్రం టవర్‌ను చూడగానే గుర్తుపట్టాను. బావకు డ్యూటీ ఉండి రాలేదు. పిచ్చుక నా చెయ్యి పట్టుకుని ఊపుతోంది.

సేల్స్ ఆఫీసులో ఒక గోడ నిండా నా ఫోటో ఉంది. వెనక లైట్లు పెట్టారు. ఆ ఎరుపు గదంతా పరుచుకుని, కుర్చీలో కూర్చున్న పిచ్చుక మొహం జ్వరం వచ్చినట్టుంది.

"చూశావా? మీ బావ వద్దంటే వద్దన్నాడు. నేనే అన్నాను, ఇది మా తమ్ముడు తీసిన ఫోటో, వాడు లేనిది తీయడు అని" అంది అక్క. నా మీద ఎవరూ అంత నమ్మకం పెట్టకూడదు.

మేనేజరు లేచి చేతులు కలిపాడు. "ఓహో, మీ తమ్ముడేనా! ఇంకేం, మీకు నేను చెప్పేదేముందమ్మా!"

"అక్కా, సంతకం పెట్టకు. ఈ ఎరుపు చెత్తగుట్ట పొగది."

"ఏ గుట్ట?"

"మీ వీధి వెనక గుట్టే. చుట్టూ తిరిగి దాని ముందుకొచ్చాం, అంతే."

అక్క నమ్మలేదు. "ఊరుకోరా. రెండు బస్సులు మారాం."

"ఆ డంపు తీసేస్తారమ్మా, పార్కు వస్తుంది" అన్నాడు మేనేజరు.

"ఎప్పుడొస్తుంది?"

"ఆలోచనలో ఉంది."

నేను ఫోన్ తీసి అసలు ఫోటో చూపించాను. అక్క దాన్నీ గోడనూ మార్చి మార్చి చూసింది. తర్వాత కింద భాగాన్ని వేళ్లతో పెద్దది చేసింది. మంట దాటింది. పొగ దాటింది. చివర మేడల దగ్గర ఆగింది.

"ఈ తెల్లటివి ఏంటి?"

"ఏవో బట్టలక్కా."

"ఏవో కాదు. నర్సుల కోట్లు కుట్టడానికి తెచ్చిన గుడ్డ. తడిపి ఆరేశాను. ఇంత పొడుగు తెల్లగుడ్డ మన వీధిలో ఇంకెవరు ఆరేస్తారు?" ఇంకా పెద్దది చేసింది. తీగ కింద చిన్న చుక్కలా ఎవరో చేతులెత్తి నిలబడ్డారు. నేను ఆ ఫోటో ఎన్నిసార్లు చూశానో. ఆ చుక్కను ఒక్కసారీ చూడలేదు.

పిచ్చుక తల దూర్చింది. "అమ్మా, నేనే! పొగొస్తోంది, గుడ్డలు తీసుకురమ్మన్నావుగా!"

నేను ఫోటో తీసిన ఆ రోజే పిచ్చుకను ఆస్పత్రికి తీసుకెళ్లారు. ముక్కుకు మాస్కు పెట్టి పడుకోబెట్టారు. నేను స్టూడియోలో ఫోటోలు అప్పజెప్పి, అన్నీ బాగా వచ్చాయన్న సంతోషంతో అక్కడికి వెళ్లాను. దాని మంచం పక్కన కూర్చుని కథలు చెప్పాను.

మేనేజరుకు బేరం జారిపోతోందని అర్థమైంది. పక్క కుర్చీల్లో ఇంకో జంట కూడా వింటోంది. ఆయన గొంతు మెత్తబడింది.

"అమ్మా, మీరు అనవసరంగా భయపడుతున్నారు. రోజూ అంత పొగ ఉండదు. ఆ రోజు ఫోటో కోసం మేమే మనిషిని పెట్టి అంటింపించాం. ఎరుపు రావట్లేదు, కాస్త పొగ ఉండాలని స్టూడియో సారే అడిగారు. కావాలంటే మీ తమ్ముణ్ణి అడగండి."

ఆయన మమ్మల్ని ఓదార్చానని అనుకుంటున్నాడు. ఆయన మెడలో టై పట్టుకుని ఆ లైట్ల గోడకేసి ఈడ్చాలనిపించింది.

"ఎరుపు కోసం మంట పెట్టించారా?" అంది అక్క. తర్వాత నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలీదక్కా. రేపు బాగుంటుంది అన్నాడు."

"ఎలా తెలుసని అడగలేదా?"

"అడిగాను. అనుభవం అన్నాడు."

"దాంతో ఊరుకున్నావా? డిగ్రీ చదివింది అందుకేనా?"

బ్యాగు తీసుకుంది. పక్క జంట ముందు ఆగి, "అమ్మాయ్, ఆ గోడ మీది ఎరుపు మా పిల్ల దగ్గు. కొనుక్కుంటే కొనుక్కో" అంది. ఆ అమ్మాయి పెన్ను మూసేసింది. మేనేజరు "మేడమ్, మేడమ్" అంటూ తలుపు దాకా వచ్చాడు. అక్క వెనక్కి చూడలేదు. రెండు బస్సుల దూరమూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

వాళ్లను ఇంటి దగ్గర దింపి తిన్నగా స్టూడియోకి వెళ్లాను.

"మంట పెట్టించింది మీరేనా?"

"ఎవడో ఎప్పుడో పెట్టేదేగా. మనం ఒక రోజు ముందు పెట్టించాం, అంతే" అన్నాడు సర్దుబాటు సార్, తల ఎత్తకుండానే. "మీ అక్క సంగతి మేనేజరు ఫోన్లో చెప్పాడు. రేటులో ఏదో సర్దేద్దాంలే."

"మా పిల్ల ఊపిరిని కూడా సర్దుతారా?"

"గొంతు తగ్గించు. కస్టమర్లున్నారు."

"ఉండనివ్వండి. వాళ్లూ వినాలి." ఉన్న గొంతంతా పెట్టి చెప్పాను, ఆ ఎరుపు ఎక్కడిదో. ఫోటోలకొచ్చిన ఒక ముసలాయన తన కవరు తీసుకుని వెళ్లిపోయాడు. స్టూడియో కెమెరా బల్ల మీద పెట్టి నేనూ బయటికొచ్చాను.

కొద్ది రోజుల తర్వాత స్టూడియోలో ఆల్బమ్‌లు అంటించే అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నయ్యా, రెండో బ్లాకుకి కొత్త ఫోటో కావాలట. ఈసారి సారే వెళ్తున్నాడు. 'రేపు బాగుంటుంది' అంటున్నాడు."

మర్నాడు మధ్యాహ్నం అక్కావాళ్ల మేడెక్కాను. నా సొంత పాత కెమెరా, అరువు తెచ్చిన పొడుగు లెన్సు. కింద పిచ్చుకను లోపలి గదిలో పెట్టి కిటికీలకు తడిగుడ్డలు కట్టాం. అక్క నా పక్కన నిలబడింది. ఆ రోజు నుంచి సరిగా మాట్లాడలేదు.

పొద్దు వాలింది. దూరంగా తొమ్మిదో స్లాబు మీద సర్దుబాటు సార్ తెల్లటోపీ, ట్రైపాడ్. గుట్ట అంచున మోటారు సైకిల్ ఆగింది. ఒకడు డబ్బా పట్టుకుని దిగాడు. వెనక కూర్చున్నవాడు చెయ్యి చాపి ఎక్కడెక్కడ పొయ్యాలో చూపిస్తున్నాడు. మెడలో టై ఎగురుతోంది, మేనేజరే.

ఎండ నా వీపు మీద నుంచి పడుతోంది. అటువాళ్ల మొహాలు వెలుగులో కడిగినట్టున్నాయి. ఎరుపు వాళ్లకి, పొగ మాకు. నేను లెన్సు దించాను. ఫ్రేములో ఆకాశం రవ్వంత కూడా రానివ్వలేదు. డబ్బా వంచాడు, నొక్కాను. అగ్గిపుల్ల గీశాడు, నొక్కాను. టై వెనక్కి జరిగి స్లాబు వైపు చెయ్యి ఊపింది, అదీ నొక్కాను.

పొగ మా మీదికి తిరిగింది. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"వచ్చిందా?"

"మొహాలతో సహా."

"కింద ఏమీ కొయ్యకు" అంది అక్క. "కొసదాకా ఉంచు. పొద్దున్నే ఏ ఆఫీసరు బల్ల మీద పెట్టాలో పెడదాం. నేనూ వస్తాను. అనుభవం అని ఎవడంటాడో చూస్తాను."