తొమ్మిది గుండ్రాలు ఒకచోట

నేను రాసుకున్న కాగితాలన్నీ ఒక్క గాలికి లేచిపోయాయి. అప్పుడు గోడల్లేని మా ఇంట్లో కూర్చుని వాటిని చాప మీద వరసగా పరుచుకుంటున్నాను. మీద రాళ్ళు పెట్టాలన్న ఆలోచన రాలేదు. లేచి పరిగెత్తేలోపే సగం సముద్రం నీళ్ళమీద తేలుతున్నాయి, మిగతా సగం పక్కింటివాళ్ళ పంది తొక్కేసింది.

అవి మా మహిళా సంఘం కాగితాలు. ఊరికొక పని చేసిపెడతామని రాజధాని ఆపియా నుంచి కబురొచ్చింది. సంఘంలో ఆడవాళ్ళందరి ఆలోచనలూ అడిగి, వాటిలో ఒకటి తేల్చి, నెలాఖరులోగా రాసి పంపమన్నారు. అంతకుముందు రాతపని చూసే ఆవిడ కాపురం వేరే దీవికి మార్చేసింది. సంఘం పెద్ద మసెలీనా నావైపు చూసి, "ఎటేనా పాదిరిగారి భార్య దగ్గర చదువు నేర్చుకుంది కదా, అది రాస్తుంది," అంది. నా భర్త లఫాయెలే పోయాక, అరవై ఒకటో ఏట నేను అక్షరాలు దిద్దాను. నేర్చుకుని రెండేళ్ళే అయింది. అయినా కాదనలేదు.

కాదనకపోవడానికి నాకొక స్వార్థం ఉంది. సముద్రం అంచున రాళ్ళ మధ్య మా ఊటగుంట ఉంది. ఆటు సమయంలో అడుగునుంచి తియ్యటి నీళ్ళు ఊరతాయి. కిందటి తుఫానుకు దాని గోడ పగిలింది. అప్పటినుంచి పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు లోపలికి వస్తున్నాయి. రోడ్డువైపు ఇళ్ళకు రేకు కప్పులున్నాయి, వాన నీళ్ళు పట్టే ట్యాంకులున్నాయి. వెనకవైపు ఇళ్ళవాళ్ళం ఆ గుంట నీళ్ళే తాగుతాం. వాన లేని నెలల్లో ఆ నీళ్ళతో కాచిన కోకో కూడా ఉప్పగా ఉంటోంది. ఇంకో తుఫాను వస్తే గోడ మొత్తం పోతుంది. ఆపియావాళ్ళు చేసిపెట్టే పని ఆ గోడే కావాలని నా కోరిక.

కాని ఆ మాట సమావేశంలో ఎవరూ అనరు. సంఘం ఇంట్లో హోదాను బట్టి ఆనుకుని కూర్చోవడానికి ఒక్కొక్కరికి ఒక్కో స్తంభం ఉంటుంది. రెండు కొసల్లో పెద్దల భార్యలు, ముందువైపు ఊరి తరఫున మాట్లాడే వక్తల భార్యలు కూర్చుంటారు. వెనక వంటింటివైపు మేము, ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళం. ముందువాళ్ళు మాట్లాడతారు, మేము టీ అందిస్తాం. అందుకే నేను సమావేశంలో అడగకుండా ఇల్లిల్లూ తిరిగాను. ముప్పై నాలుగు మంది ముప్పై నాలుగు ఆలోచనలు చెప్పారు. సంఘం ఇంటికి కొత్త చాపలు, చర్చి హాలుకు తెరలు, కుట్టుమిషన్లు, రోడ్డు పక్క పూలమొక్కలు, ఇంకా ఏవేవో. మా వైపు తొమ్మిదిమంది మాత్రం వేరువేరు మాటల్లో ఒకటే చెప్పారు. గోడ బాగు చెయ్యమన్నారు, గుంట శుభ్రం చెయ్యమన్నారు, నీళ్ళు ఉప్పగా ఉన్నాయన్నారు, పిల్లలు తాగనంటున్నారన్నారు.

గాలికి పోయిన కాగితాల్లో ఉన్నవి అవే. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి అడిగాను. నా తోటికోడలు యుటీటా, "ఈసారి రాళ్ళమీద చెక్కుకో అక్కా, పంది కూడా తొక్కదు," అని నవ్వింది.

ఈసారి బడికి వెళ్ళాను. కంప్యూటర్ గది చూసే లీసే టీచరు నాకంటే పదేళ్ళు చిన్నది. కళ్ళజోడుకు తాడు కట్టి మెళ్ళో వేసుకుంటుంది. ఆలోచనలన్నీ ఒకచోట పెట్టి, అటూ ఇటూ జరిపి చూసుకునేది ఏదైనా కంప్యూటర్లో ఉందా, అదీ డబ్బులడగకుండా, అని అడిగాను. ఉంటాయి, వెతుకుదాం అంది.

మూడు మధ్యాహ్నాలు వెతికాం. ఉచితం అన్న మాట ప్రతిదానిమీదా పెద్ద అక్షరాలతో ఉంది. మొదటిది రెండు వారాలే ఉచితం. రెండోది ఉచితమేగాని బ్యాంకు కార్డు నంబరు ముందే అడిగింది. నాకు కార్డు లేదని లీసే అక్కడికక్కడే దాన్ని మూసేసింది. మూడోదాంట్లో మూడు పేజీలు దాటితే తాళం పడుతుంది. నాలుగోది చాలా బాగుంది, రంగురంగుల చీటీలు. కాని దానికి నెట్ ఎప్పుడూ ఉండాలి. మా ఊళ్ళో మబ్బు పడితే నెట్ పోతుంది. ఇరవై చీటీలు అంటించాక వాన వచ్చింది, చీటీలూ పోయాయి. "మీ పందికంటే ఇదేం మెరుగు?" అంది లీసే.

ఐదోది చిన్నది, అందం లేనిది. ఎవరో కొంతమంది కలిసి తయారుచేసి, ఎవరైనా వాడుకోండి అని వదిలేశారట. ఒకసారి దింపుకుంటే చాలు, నెట్ అక్కర్లేదు. కార్డూ అడగలేదు, పేరూ అడగలేదు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు నాలాంటిదాని కోసం ఇంత పని చేసి ఊరికే ఇచ్చారంటే నమ్మబుద్ధి కాలేదు. దాంట్లో మెలిక ఎక్కడుందో చూడమని లీసేని రెండుసార్లు అడిగాను. లేదు అంది.

మధ్యలో ఒక గుండ్రం ఉంటుంది. దానిలో ఊరి పేరు రాశాను. దాని చుట్టూ ఆలోచనకొక గుండ్రం చొప్పున గీసుకుంటూ పోవాలి. ఒక్కో గుండ్రంలో ఆలోచన, కింద చెప్పినావిడ పేరు. నేను ఒక వేలితో ఒక్కో అక్షరం వెతికి నొక్కి అన్నీ పూర్తిచేసేసరికి మూడు రోజులు పట్టింది. ముప్పై నాలుగూ పెట్టి, ఒకే సంగతి చెప్పేవాటిని గీతలతో కలిపాక తెర నిండా చీమలు పారినట్టు ఉంది. అప్పుడు లీసే ఒక బటన్ చూపించింది. అది నొక్కితే తనంతట తనే సర్దుతుందట. నొక్కాను. గుండ్రాలన్నీ జరిగి, ఒకేలాంటివి ఒకచోట చేరాయి. ఎక్కువ కలిసినవి పైకెక్కాయి, ఒంటరివి కిందకి దిగాయి. తొమ్మిది గుండ్రాలు ద్రాక్షగుత్తిలా ఒకచోట, అన్నిటికంటే పైన. ఇక నేను ఒక్క మాటా మాట్లాడక్కర్లేదు, కాగితమే మాట్లాడుతుంది అనుకున్నాను.

పెద్ద కాగితం మీద అచ్చుతీసి, గురువారం సమావేశంలో సంఘం ఇంటి మధ్య స్తంభానికి కట్టాను.

చదవడం రాని వాళ్ళకు పక్కవాళ్ళు చెవిలో చెబుతున్నారు. ఆలోచనలు కాదు, పేర్లు. అప్పుడు నాకు తెలిసింది నేనేం చేశానో. మా కళ్ళకు మధ్యలో గుండ్రం, చుట్టూ పేర్లు ఉంటే అది సమావేశం ఇల్లే, ఎవరెక్కడ కూర్చున్నారో చెప్పే పటమే. ఆ పటంలో పై కొసన, మసెలీనా కూర్చునే చోట, యుటీటా కూర్చుని ఉంది. నిరుడు పెళ్ళయి వచ్చిన పిల్ల కూడా అక్కడే ఉంది. మసెలీనా తన తెరల ఆలోచనతో అట్టడుగున, వంటింటివైపు, ఒంటరిగా ఉంది.

మసెలీనా మెల్లగా అడిగింది, "నన్ను ఎవరు లేపి అక్కడ కూర్చోబెట్టారు?"

కంప్యూటర్ సర్దింది అని చెప్పాను.

"కంప్యూటర్‌కి మా ఊళ్ళో ఏ స్తంభం ఇచ్చారమ్మా?" అని ముందువైపునుంచి ఎవరో అన్నారు. మసెలీనా విసనకర్ర మడిచి లేచింది. సమావేశం అయిపోయింది. వచ్చే గురువారం తెరలు రాసి పంపెయ్యండి అని చెప్పి వెళ్ళిపోయింది.

యుటీటా నామీద విరుచుకుపడింది. తన పేరు పైన పెట్టమని ఎవరడిగారంది. రేపు దుకాణం దగ్గర ఎవరి మొహం చూడాలంది. గోడ సంగతి వాళ్ళ చెవిన పడకుండానే చచ్చిందంది. అన్నీ నిజమే. నిన్నటిదాకా ఎవరూ చెప్పని మాటగా ఉన్న గోడ ఇప్పుడు అవమానం తెచ్చిన మాట అయింది. ఇక పదేళ్ళదాకా దాన్ని ఎవరూ ఎత్తరు.

మా దగ్గర పెద్ద తప్పు జరిగితే, చేసినవాళ్ళు పెళ్ళిళ్ళకూ చావులకూ ఇచ్చిపుచ్చుకునే మేలిచాప తలమీద కప్పుకుని, ఎదుటివాళ్ళ ఇంటిముందు తెల్లవారగానే కూర్చుంటారు. లోపలివాళ్ళు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. అది పెద్ద తగాదాలకు మగవాళ్ళు చేసే పని. నాకు వేరే దారి తోచలేదు. లఫాయెలే అంత్యక్రియలప్పుడు మా పుట్టింటివాళ్ళు తెచ్చిన మేలిచాప ఒకటి మిగిలింది. అది కప్పుకుని, బడిలోంచి లీసే ఇచ్చిన మడత కంప్యూటర్‌ని ఒళ్ళో పెట్టుకుని, మసెలీనా వాకిట్లో గులకరాళ్ళమీద కూర్చున్నాను. ఎండ ఎక్కింది. చాప కింద చెమట కారింది. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ రాలేదు. ఎవరో దారినపోతూ ఆగి, ఎవరు చచ్చారని అడిగి వెళ్ళారు.

చివరికి చాప లేచింది. మసెలీనా చాప అంచు పట్టుకుని, నేతను వేళ్ళతో తడిమి చూస్తోంది. "ఇంత మంచి చాప చెమటలో నానబెట్టావు. దీన్ని ఎండలో వెయ్యి ముందు," అంది. తర్వాత నా ఒడి చూసింది. "అదేంటి, దాన్ని కూడా క్షమించమంటావా?"

నేను కంప్యూటర్ తెరిచి ఆమె ముందు పెట్టాను. గుండ్రాలను ఎక్కడికైనా జరపొచ్చు, మీ చేత్తో ఎవరి చోట వాళ్ళను కూర్చోబెట్టండమ్మా, నేను చేసింది సరిచెయ్యండి అన్నాను. ఆమె నా పక్కన కూర్చుని, ఒక వేలితో మొదలుపెట్టింది. ముందు తనను పై కొసకు తీసుకెళ్ళింది. ఎదుటి కొసకు పాదిరిగారి భార్యను. ముందువైపు వక్తల భార్యలను వరస తప్పకుండా. ఎవరి తాత ఎవరికంటే పెద్దో గొణుక్కుంటూ, ఇద్దరిని మార్చి మళ్ళీ మార్చింది. నాకు తెలియని వరసలు చాలా ఆమెకు తెలుసు. చివరికి మా వైపుకొచ్చింది. గుత్తిలోంచి తొమ్మిది గుండ్రాలను ఒక్కొక్కటే కిందకి దింపింది. దింపినప్పుడల్లా లోపల ఏముందో నన్ను చదవమంది. చదివాను. గోడ. ఊటగుంట. ఉప్పు. పిల్లలు తాగనంటున్నారు. మళ్ళీ గోడ.

ఆరో దానికి ఆమె వేలు ఆగింది.

"ఇవన్నీ ఒకటేనా?"

అవునన్నాను.

"ఒక్కరూ నాకెందుకు చెప్పలేదు?"

మేము టీ ఇచ్చేటప్పుడు మీరు మాట్లాడుతూ ఉంటారమ్మా అన్నాను. ఆమె నావైపు చూడలేదు. మిగిలిన మూడింటినీ కూడా ఎక్కడుండాలో అక్కడే పెట్టింది. తర్వాత చెప్పులు వేసుకుంది.

ఇద్దరం ఊటగుంటకు నడిచాం. ఆటు సమయమే, నీళ్ళు తేటగా ఉన్నాయి. మసెలీనా ఈ ఊరి ఆడపడుచు. పగిలిన గోడ అంచున కూర్చుని దోసిలితో తాగింది. ఉప్పగా ఉండి ఉమ్మేసింది. ఇంకోసారి తాగింది.

"చిన్నప్పుడు ఇక్కడే ఈదేదాన్ని. అమ్మ కొబ్బరిచిప్పతో తీసి పోసేది. ట్యాంకు వచ్చాక ఇటు రాలేదు," అంది.

తర్వాతి గురువారం ఆమె తన కొసలో కూర్చుని, ఊటగుంట గోడ కట్టించాలని తనకు తోచిందని చెప్పింది. తన తల్లి గురించి చెప్పింది, ఉప్పు గురించి చెప్పింది. బాగా మాట్లాడింది, నేను అంత బాగా చెప్పలేను. వక్తల భార్యలు అవునన్నారు. తెరల మాట ఎవరూ ఎత్తలేదు. మా తొమ్మిదిమంది పేర్లూ రాలేదు. టీ అందిస్తుంటే యుటీటా నా చెవిలో, "గోడ ఆవిడ కన్నదన్నమాట," అంది. నేను మోచేత్తో పొడిచాను.

అప్పుడు మసెలీనా కాగితం రాయడానికి నన్ను ముందుకు రమ్మంది. మధ్య స్తంభం దగ్గర కూర్చుని రాశాను. ఒక్క గుండ్రం, దానిలో గోడ. ఆపియావాళ్ళ కాగితంలో ఈ ఆలోచన ఎవరిది అని ఒక గీత ఉంది. పెన్ను పట్టుకుని ఆమెవైపు చూశాను. ఆమె విసనకర్ర ఊపుతూనే ఉంది.

"గీత పొడుగ్గానే ఉంది కదా," అంది. "పట్టినంత మంది పేర్లు రాయి. పైనుంచి రాయి, వరస తప్పకు."

ఆమె పేరు మొదట రాశాను. తర్వాత తొమ్మిది పేర్లు రాశాను. నా చేతిరాత పెద్దది, పేర్లు గీత దాటి పక్క ఖాళీలోకి పాకాయి. ఆమె తీసుకుని, కళ్ళు చిన్నవి చేసి చూసి, సంతకం పెట్టింది.