మెట్లు పీకేసిన బేస్

గాయకుడి చెవుల్లోంచి ముందు పిట్టలు ఎగిరిపోయాయి. తర్వాత కాలింగ్ బెల్లు, ఆ తర్వాత మనవరాలి మాటల్లో సగం అక్షరాలు. సన్నటి శబ్దాలు ఇక తిరిగి రావనీ, బొంగురువి మాత్రం మిగులుతాయనీ చెవి డాక్టరు దగ్గరికి జరిగి నిదానంగా చెప్పాడు.

"పిలిస్తే పలక్కపోవడం మీకు కొత్తేం కాదుగా" అంది భార్య, ఇంటికొచ్చాక. "ఇన్నాళ్ళూ కారణం లేదు, ఇప్పుడొకటి దొరికింది." అలా అని నవ్వి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు.

ఒకప్పుడు అతనిది పేరున్న రాక్ బృందం. అతని గొంతు వినడానికే జనం విరగబడి వచ్చేవారు. ఆ గొంతు తనకెంత మిగిలిందో చూద్దామని, మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం పాత రికార్డు తీసి పెట్టాడు. సోఫాలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

గొంతు దూది చుట్టుకుని వచ్చింది. డ్రమ్ముల దగ్గరి రేకుల మోత అసలు లేదు. గిటారు పక్కింట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్నట్టు ఎక్కడో వినిపించి మాయమైంది. అప్పుడు వాటన్నిటి అడుగు నుంచి ఏదో లేచింది. నిండు చెరువులో పెద్ద చేప ఒళ్ళు తిప్పినట్టు, నెమ్మదిగా, బరువుగా. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి అది దూకడం లేదు. దారిలో ఉన్నవన్నీ తడుముకుంటూ, ఎక్కడా తొందర లేకుండా చేరుకుంటోంది. ఈ పాటను వేలసార్లు పాడాడు తను. ఇందులో ఇంత లోతుందని ఎవరూ చెప్పలేదు. సోఫా, గది, కిటికీలోని మబ్బు అన్నీ ఆ నీళ్ళలో తేలుతున్నట్టుంది.

అది బావమరిది వాయింపు.

భార్యకు తమ్ముడే బృందంలో బేస్ గిటారు వాయించేవాడు. వేదిక మీద వెనక గోడకి ఆనుకుని నిలబడేవాడు. నోరు విప్పేవాడు కాదు. "వీడికి చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే" అన్నాడు డ్రమ్మరు ఒకరోజు. అంతే, గోడ అన్న పేరు స్థిరపడిపోయింది. పత్రికల్లో ఫొటో వేస్తే అతని భుజం ముక్క మాత్రం పడేది. వాయిద్యం కూడా సొంతంగా చేసుకున్నదే. పాత బీరువా తలుపు కోసి ఒళ్ళు చేశాడు, గట్టి చెక్కతో మెడ చేశాడు, దాని మీద వీణకి ఉన్నట్టు ఇత్తడి మెట్లు వరసగా బిగించాడు. ఒక వేసవిలో ఏం తోచిందో ఆ మెట్లన్నీ పటకారుతో పీకేశాడు. గాడుల్లో జిగురు కలిపిన రంపపు పొట్టు కూరి, నున్నగా తోమి, వార్నిష్ పూశాడు. "మెట్లు లేకుండా పైకి ఎలా ఎక్కుతావురా?" అని అందరూ నవ్వారు. అతనూ నవ్వాడే గాని కారణం చెప్పలేదు.

రికార్డు అయిపోయి సూది ఊరికే గీసుకుంటోంది. భార్య వచ్చి తీసేదాకా అతనికి తెలియలేదు.

"మీ తమ్ముడు ఇప్పుడు షాపులో ఉంటాడా?" అనడిగాడు.

"వాడింకెక్కడికి పోతాడు?"

బావమరిదిది ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపు. గోడల నిండా ఖాళీ ఫ్రేములు, మూలల్లో అద్దాల పలకలు, ఎటు చూసినా చెక్క వాసన. బావని చూడగానే అద్దం కోస్తున్నవాడల్లా ఆగాడు.

"ఏంటి బావా, ఈ వేళప్పుడు? అక్క బాగానే ఉందా?"

అతనిది మొదటి నుంచీ బొంగురు గొంతు. ప్రతి అక్షరం గాయకుడికి చక్కగా అందింది.

"బాగుంది. ఇవాళ నీ వాయింపు విన్నాను."

"ఎక్కడ?"

"మన రికార్డులోనే."

"అది ముప్పయ్యేళ్ళ నాటిది కదా."

"నాకు ఇవాళే వినపడింది" అని గాయకుడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "రెండో చరణం చివర పైనుంచి కిందికి వస్తావు చూడు, పొద్దు వాలినట్టు. నీకెలా తోచిందిరా అది?"

బావమరిది మెడ గోక్కున్నాడు. "చెప్తే ఏమీ అనుకోవుగా?"

"చెవిటివాణ్ణి. ఏమనుకుంటాను?"

"అక్కడ నీకు ఊపిరి చాలేది కాదు బావా. చివరి మాట దగ్గర గొంతు కొంచెం కిందికి జారేది. మెట్లున్న బేస్ ఎక్కడిదక్కడే నిలబడుతుంది, దాంతో నువ్వు జారావని అందరికీ తెలిసిపోయేది. అందుకని పీకేశాను. నువ్వు జారితే నేనూ నీతోపాటే జారేవాణ్ణి. ఇద్దరం కలిసి జారితే పాటే అంత అనుకుంటారు."

గాయకుడు స్టూలు మీద ముందుకి వంగాడు. ఆ జారుడు గురించే పత్రికలు తనని ఆకాశానికెత్తాయి.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే జాగ్రత్తగా పాడేవాడివి. జాగ్రత్తగా పాడితే నీ పాట బాగోదు." కాస్త ఆగి, "మెట్లు పోయాక వాటి మధ్య ఎంత చోటుందో తెలిసింది. మళ్ళీ బిగించబుద్ధి కాలేదు" అన్నాడు.

గాయకుడికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ బేస్ బయటికి తీయి" అన్నాడు.

బావమరిది లోపలి గదిలోంచి బేస్ తెచ్చి, గుడ్డతో తుడిచి, బల్ల కింద ఉన్న స్పీకరుకి తగిలించాడు. గాయకుడు స్టూలు జరుపుకుని బల్లకి వీపు ఆనించాడు. మొదటి స్వరం వీపులోంచి ఎక్కి పక్కటెముకల్లో పరుచుకుంది. మూలల్లో అద్దాలు సన్నగా వణికాయి. ఖాళీ ఫ్రేముల్లో సాయంత్రపు వెలుగు కదిలింది. అతను పాడటం మొదలుపెట్టాడు. తన గొంతు ఎక్కడుందో తనకే తెలియడం లేదు. అయినా భయం వేయలేదు. చీకటి గదిలో ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టే ఉంది. బావమరిది అతని పెదాల వంకే చూస్తూ, అతను ఎటు వాలితే అటు వాలుతూ వాయించాడు.

పాట ఆగేసరికి గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. ఫొటో తీసుకెళ్ళడానికి వచ్చింది.

"మీది సిద్ధంగా ఉందమ్మా" అన్నాడు బావమరిది.

ఆవిడ బేస్ వంక చూస్తూ మెల్లగా ఏదో అంది. గాయకుడికి వినపడలేదు. బావమరిది ముఖం మాత్రం చెవులదాకా ఎర్రబడింది.

"ఏమందిరా?"

"ఇంకోసారి వాయించమంటోంది."

"మరి వాయించు."

ఈసారి గాయకుడు పాడలేదు. ఆవిడకి స్టూలు ఇచ్చి, తను నేలమీద చతికిలబడి, బల్లకోడుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.