వాసన చూడకూడని గులాబీలు

"వాసన లేదంటున్నావు కదా, చూడకుండా నీకెలా తెలిసింది?" అని అత్తగారు రాజ్యం మూడోసారి అడిగింది.

వీరదుర్గ చట్నీలో తాలింపు వేసింది. చూశానంటే అపచారం, చూడలేదంటే అబద్ధం. "ఈ మొక్కా ఉత్తదే, కాగితం పువ్వు నయం" అని నోరు జారింది తనే. అప్పటికే ఆ పువ్వు వెంకటేశ్వరస్వామి పటం మీద ఉంది. అత్తగారు దాన్ని తీసి పారేసి, పటం తుడిచి, మళ్ళీ స్నానం చేసొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

దేవుడికి పెట్టే పువ్వుని మనిషి ముందుగా వాసన చూడకూడదు. వీరదుర్గ పుట్టింట్లోనూ అదే పద్ధతి. కాకపోతే అక్కడ పువ్వు మీదకి వంగే పనే లేదు, దొడ్లోకి అడుగుపెడితే వాసనే ఎదురొచ్చేది. ఈ ఇంట్లో వచ్చిన చిక్కల్లా, వాసన కోసమే గులాబీ కొంటారు, వాసన మాత్రం ఎవరూ చూడరు.

దుబాయ్‌ అల్ కుసైస్‌లో ఏళ్ళ తరబడి ఒక్క గదిలో కాపురం చేసి, అద్దె తక్కువని పోయినేడాది ఉమ్ అల్ క్వైన్‌కి మారారు. పాత ఇల్లు, చుట్టూ కాస్త ఇసక నేల. తల్లోకి ఒక్క గులాబీ, గదిలోకి అడుగుపెట్టగానే మనిషి వచ్చిందని తెలిసేలాంటిది, తన చేత్తో పెంచుకోవాలని ఆ రోజే అనుకుంది వీరదుర్గ. అంతకు మించి ఆ ఇంటి నుంచి ఆమె ఏమీ కోరలేదు.

భర్త సత్యనారాయణది కడియం. వాళ్ళ నాన్న నర్సరీల్లో అంట్లు కట్టేవాడు. సత్యనారాయణ మాత్రం సిమెంటు గోడౌన్లో స్టోర్‌కీపరు. అయినా గులాబీ మాటెత్తితే తండ్రి చెయ్యి తన చేతిలోకి వచ్చేసినట్టు మాట్లాడతాడు. వాసన చూడక్కర్లేదట, ముల్లు వంకర చూస్తే చాలట. అలా ముళ్ళు చూసి తెచ్చిన గులాబీరంగు మొక్క ఆగస్టు ఎండకి మాడింది. రేకుల నునుపు చూసి తెచ్చిన ఎర్రది బతికింది గానీ పువ్వుకి వాసన లేదు. నిన్న మొగ్గ విచ్చింది మూడోది, నారింజ రంగుది. దాని వ్యవహారం ఇందాకే తేలింది.

ఇడ్లీలు తింటూ అతను తప్పు నీళ్ళ మీదకి తోశాడు. ఇక్కడి నీళ్ళలో ఉప్పు, ఏ పువ్వైనా ఏం చేస్తుంది అన్నాడు. కూతురు శాంతిప్రియ ఫోనులో మొక్కల పేర్లు చెప్పే యాప్‌తో ఫొటో తీస్తే, ఎదురుగా ఒక పేరు, పక్కనుంచి తీస్తే ఇంకో పేరు వచ్చింది. రెండు పేర్లకీ సువాసన బాగుంటుందనే రాశారు. ఇంటికి తూర్పున ఒకే ఒక్క మూల మిగిలింది. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నానికి ఇంటి నీడ పడే చోటు అదొక్కటే. మిగతా నేలంతా వేసవిలో పెనమే. నవంబరు దాటితే నాటడానికి అదను పోతుంది. ఈసారీ ఉత్తది తెస్తే మూల కూడా పోయినట్టే.

ఆదివారం నలుగురూ అజ్మాన్ వైపు నర్సరీకి వెళ్ళారు. నడిపేది నెల్లూరాయన, మీరా హుస్సేన్. ఎండకి చీటీలన్నీ వెలిసిపోయి ఏ కుండీ మీదా పేరు కనపడ్డంలేదు. ఆయన్ని ఏది చూపించి అడిగినా, కారెక్కేలోపే వాసన కొట్టకపోతే తిరిగి తెమ్మన్నాడు. నారింజ రంగుదాని గురించీ అలాగే అన్నాడని వీరదుర్గకి గుర్తుంది.

వరస చివర ఒంటి నిండా నల్ల అబాయా వేసుకున్న ఒక అరబ్బు ఆమె ప్రతి పువ్వులోనూ ముక్కు పెట్టి, తల అడ్డంగా ఊపుతూ తీరిగ్గా నడుస్తోంది. వీరదుర్గ కళ్ళు అటే ఉండిపోయాయి. దుబాయ్‌లో అరబ్బులింట్లో వంట చేసిన రోజుల్లో మేడమ్ అంతే. వాకిట్లో గులాబీ కోసుకొచ్చి ముందు తను వాసన చూసి, తర్వాత పిండి చేతులతో ఉన్న వీరదుర్గ ముక్కు దగ్గర పెట్టేది. ఆ ఇల్లు వదిలాక అలాంటి పువ్వు మళ్ళీ దొరకలేదు.

వీరదుర్గ తన దగ్గర్లో ఉన్న కుండీ మీదకి వంగింది.

"దుర్గా, దేవుడికమ్మా అది" అంది రాజ్యం.

వీరదుర్గ నిటారుగా లేచింది. అవతల భర్త, ముళ్ళు తక్కువున్నాయని పొడుగాటి పసుపు పచ్చదాన్ని పట్టుకుని నిలబడ్డాడు. పోనీ మీరైనా చూడండి అంది. అతను తల్లి వైపు చూసి, అక్కర్లేదులే, ఆకు చూస్తేనే తెలుస్తోందన్నాడు.

"ఇన్ని ముళ్ళు చదివారు, ఒక్క పువ్వు ముక్కు దగ్గర పెట్టుకోలేరా?"

అని, ఆమె వరస మొదటికి వెళ్ళి వంగింది. వాసన లేదు. పక్కదాని మీద వంగింది. ఆ వెనకే రాజ్యం నడుస్తూ, ఇది పూజకి పనికిరాదు, ఇదీ పనికిరాదు, అయ్యో ఇదీ పోయింది అంటూ వస్తోంది. ఆ మాటలు విని మీరా హుస్సేన్ పరుగున వచ్చాడు. "అమ్మా, కొనేవాళ్ళు వింటున్నారు, కాస్త మెల్లిగా" అని బతిమాలాడు. శాంతిప్రియ నవ్వాపుకోలేక కుండీల వెనక్కి పోయింది.

కొన్ని ఉత్తవి, ఒకటి సబ్బులా ఉంది, ఒకటి టీ ఆకులా. గోడవారన బీట వారిన కుండీలో, రేకులు చెదిరిన లేత గులాబీరంగు పువ్వొకటి ఉంది. దాని మీద వంగి వీరదుర్గ వెంటనే లేవలేదు. తీపి, చివర లవంగం కొరికినట్టు చిన్న ఘాటు. రేకులు ఒక్కరోజులో రాలిపోతాయని, ఆకుల మీద మచ్చలున్నాయని భర్త చెబుతూనే ఉన్నాడు. ఫోను దాన్ని మందారం అంది. వీరదుర్గ కుండీ ఎత్తి చంకన పెట్టుకుంది.

దారంతా కార్లో ఒకటే వాదన. వాసన చూసిన పువ్వే పనికిరాదా, మొక్క మొత్తమా అని. ఆ ఒక్క పువ్వేనన్నాడు సత్యనారాయణ. ఇకమీదట పూసేవాటినీ దుర్గ వాసన చూడకుండా వదలదు, తూర్పు మూల దేవుడి పువ్వులకని నేను ముందే చెప్పాను అంది రాజ్యం. కుండీ వీరదుర్గ ఒళ్ళోనే ఉంది.

ఎండ తగ్గాక భర్త కునుకు తీస్తుంటే, ఇసక తవ్వి, పేడ ఎరువు కలిపి, తనే నాటేసింది. చేతులు కడుక్కుని వంటకి లేచింది.

రాత్రి అందరూ కంచాల ముందు కూర్చున్నాక, అన్నం వడ్డిస్తూనే చెప్పింది. గొంతు పెంచలేదు.

"తూర్పు మూలలో ఆ మొక్క నాటేశాను. దాని పువ్వులు పటం దగ్గరికి రావు, నా తల్లోకి. వాసన ఎవరైనా చూడొచ్చు. అత్తయ్యగారూ, ఎర్రదీ నారింజదీ మీ పూజకి. వాటి జోలికి నేను రాను."

చెప్పి, అత్తగారి కంచంలో పెరుగు వేసింది.