ఆ నాలుగు సెకన్లు

గిటార్ మాస్టారు పాప్ పాటల్లోకి దిగారని తెలిసిన రోజే మా అభిమానుల గుంపు రెండుగా చీలింది. సగం మంది తిట్టిపోశారు, సగం మంది సర్దుకున్నారు. నేను రెండూ చేశాను. గుంపులో అందరితో పాటు తిట్టి, వంటింట్లో అవే పాటలు కూనిరాగం తీస్తూ తమ్ముడికి రెండుసార్లు దొరికిపోయాను.

"నచ్చితే నచ్చాయని చెప్పొచ్చుగా అక్కా! నీ సొమ్మేం పోయింది?" అన్నాడు వాడు.

నా సొమ్మే పోయింది. పగలంతా కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి, ఇంటికొచ్చి ఆయన వాయించిన ప్రతి ముక్కనూ చెవితో పట్టుకుని, ఏ తీగ మీద ఏ వేలో కాగితం మీద పెట్టినదాన్ని. పదకొండేళ్లు అదే పని. నేర్చుకునేవాళ్లంతా నా కాగితాలే చూసేవారు. ఈ కొత్త పాటలకు రాయడానికేముంది నా మొహం? నాలుగంటే నాలుగు కార్డ్స్, అవే తిప్పితిప్పి మీటడం. టీ చల్లారేలోపు అయిపోతుంది.

పాతవాటిలో ఒక్కటే నాకు లొంగలేదు. తొలి ఆల్బమ్‌లో ఆఖరి ముక్క. ఆయన దాన్ని వేదిక మీద ఎప్పుడూ వాయించలేదు. అందులో ఒక నాలుగు సెకన్లు, ఎంత నెమ్మదిగా తిప్పి విన్నా, వేళ్లు ఎక్కడున్నాయో అంతుపట్టలేదు. చివరికి ఊహించి రాసేశాను. అందరికీ పంచేటప్పుడు ఆ సంగతి చెప్పలేదు. చెప్పడానికి అహం అడ్డొచ్చింది. ఎప్పటికైనా ఆయన్నే అడిగి దిద్దుకోవాలి, అదొక్కటే నా కోరిక.

పోయిన నెల మాస్టారి మేనేజర్ ఫోన్ చేశాడు. పాత అభిమానుల కోసం కచేరీలో ఆ ముక్కే వాయిస్తారట, నన్నొకసారి రమ్మన్నారట. దుకాణానికి సెలవు పెట్టి పరుగెత్తాను.

రిహార్సల్ గదిలో ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా స్టాండు మీద నా కాగితాలు.

"ఇవి రాసింది నువ్వేనటగా? బతికించావమ్మా. నాకొక్క ముక్క గుర్తులేదు. వారం నుంచి ఇవి చూసే నేర్చుకుంటున్నా."

ఆ నాలుగు సెకన్ల చోట వేలు పెట్టి చూపించాను. "ఇక్కడ నేను ఊహించి రాశానండీ. మీరు అసలేం వాయించారు?"

కాగితం చూసి వాయించారు. మళ్లీ వాయించారు.

"ఇదేగా?"

"కాదండీ. రికార్డులో వేరేగా ఉంది. ఒక్కసారి వింటారా?"

"ఎందుకులే, ఎవరికి తెలుస్తుంది?" అని నవ్వారు. "నువ్వు రాసిందే బావుంది. చేతికి తేలిగ్గా కూడా ఉంది."

ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండిపోయింది. అయినా దండం పెట్టి వచ్చేశాను.

కచేరీలో ఆ నాలుగు సెకన్లకు హాలంతా లేచి నిలబడింది. ఆయన్ని అందరికన్నా ఎక్కువ తిట్టిన మా గుంపులోని బస్సు కండక్టరు, నా పక్కనే నిలబడి, గుక్కపట్టి ఏడ్చాడు.

"చూశావా అక్కా! మనిషి ఏమీ మారలేదు. అనవసరంగా ఆడిపోసుకున్నాం. ఈ చోట ఇలా వాయించడం ఇంకెవరి వల్ల అవుతుంది చెప్పు?"

ఏం చెప్పను? వేదిక మీద ఆయన కాక, అది తప్పని ఆ హాల్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అందరితో పాటు చప్పట్లు కొట్టాను.