వెనక సీటు మీద తీర్పు

కొత్త సెడాన్ పోటీ బండ్ల ముందు ఎందుకు తేలిపోతోందో తేల్చడానికి ఎండీ మేడమ్ మీటింగు పెట్టింది. ఇలాంటి మీటింగుల్లో ఎవరి డప్పు వాళ్ళు కొట్టుకోవడమే తప్ప తేలేదేమీ ఉండదు. ఇంజనాయన తన ఇంజనుకి సాటి లేదన్నాడు. సేల్స్ మేనేజరు అవతలి బండిలో తెర గోడంత ఉంటే మనది అరచేతంత ఉందని వాపోయాడు. ఇద్దరి మాటలూ విని, బండికి సీట్లు చేయించే సీట్ల సారుకి ఒళ్ళు మండింది.

"ఇంత ఖరీదు పెట్టి కొనేవాడు స్టీరింగ్ పట్టుకుంటాడా? డ్రైవర్ని పెట్టుకుని తను వెనక కూర్చుంటాడు. వాడి నడుముకి ఏది సుఖమో అదే మంచి బండి. మిగతావన్నీ పై మెరుగులు" అన్నాడు.

"సీటు ముఖ్యమే సార్, కాదనను. కానీ పోటీ కంపెనీకి సీట్లు కుట్టిచ్చేవాళ్ళే మనకీ తక్కువలో కుట్టిపెడతామంటున్నారు. అంతకంటే మంచిదే ఇస్తారేమో కూడా" అన్నాడు పర్చేజ్ మేనేజరు. ఇతగాడు సీట్ల సారుకి స్వయానా భార్య తమ్ముడు. కాళ్ళావేళ్ళా పడి ఈ ఉద్యోగం వేయించింది కూడా సీట్ల సారే. ఆఫీసులో మాత్రం 'సార్' అంటాడు, ఇంటికొస్తే 'బావా' అంటాడు.

బయట కుట్టించడమంటే వెనక షెడ్డులో కుట్టుమిషన్లు ఆగిపోవడమే. ఆ షెడ్డులోవాళ్ళందరికీ సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచీ నేర్పింది సీట్ల సారే. వాళ్ళ పొట్ట కొట్టడానికి ఇంట్లోవాడే తయారయ్యాడన్న ఉక్రోషం ఆయన్ని ఇక ఆలోచించనివ్వలేదు.

"కళ్ళకి గంతలు కట్టి కూర్చోబెట్టండి మేడమ్. రెండు సీట్లకీ ఒకే గుడ్డ తొడగండి. అందరూ ఏది మెచ్చితే అదే బండిలో పెట్టండి. నాది ఓడిపోతే ఆ షెడ్డుకి నేనే తాళం వేస్తా."

మేడమ్ సరేనంది. అవతలి సీటు తెప్పించేది పర్చేజ్ వాళ్ళే గనక ఏర్పాట్లు బావమరిదికే అప్పజెప్పింది. ఒకేరకం బండ్లు రెండింట్లో చెరో సీటూ బిగించారు. ఏ బండిలో ఎవరి సీటుందో అతనొక్కడికే తెలుసు. "మీరూ కూర్చుని చూడండి, మీకంటే తెలిసినవాళ్ళెవరున్నారు?" అని సీట్ల సారునీ న్యాయనిర్ణేతల్లో కలిపింది.

ఫ్యాక్టరీ వెనక గుంటల రోడ్డు మీద ఒకరి తర్వాత ఒకర్ని తిప్పారు. ఒక్క మాట చెప్పుకోవాలి. సీట్ల సారు తన సీటుని గీశాడు, కోయించాడు, వేళ్ళతో వెయ్యిసార్లు నొక్కి చూశాడు. కానీ పరీక్షకి బండి తీసినప్పుడల్లా డ్రైవరు పక్కన కూర్చుని హుకుం చేయడమే తప్ప, వెనక కూర్చుని కాస్త దూరం పోయిన పాపాన పోలేదు. మొదటి బండిలో ఒళ్ళు మెత్తగా దిగబడేసరికి ఆయన ప్రాణం లేచొచ్చింది. ఇది నాదే అనుకున్నాడు. రెండోదాంట్లో ఆ మెత్తదనం లేదు.

గంతలు విప్పాక మీటింగు గదిలో కూర్చున్నారు. "నాకైతే రెండోదే నచ్చింది. అన్ని గుంటల్లోనూ ఒళ్ళు కదల్లేదు" అంది మేడమ్. సేల్స్ మేనేజరూ రెండోదే అన్నాడు. ఇంజనాయనా తలూపాడు. తన షెడ్డుకి తాళం పడ్డట్టే అనుకున్నాడు సీట్ల సారు.

బావమరిది చప్పున లేచాడు. "అందరూ రెండోదే అంటున్నారు కదా మేడమ్, ఏది ఎవరిదో చెప్పేస్తాను."

"ఆగవోయ్, అంత తొందరెందుకు? నేనింకా చెప్పలేదు!"

"బావా, నువ్వేం చెప్పక్కర్లేదు. కూర్చో."

"ఇక్కడ బావా లేడు, బావమరిదీ లేడు!" అని సీట్ల సారు బల్ల గుద్దాడు. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. రెండో సీటులో స్పాంజి నాసిరకమన్నాడు, ఏడాది తిరక్కుండా కుంగుతుందన్నాడు. వీపుకి ఆనాల్సిన చోట ఆనడం లేదన్నాడు. "దీన్ని చేసినవాడికి మనిషికి నడుము ఎక్కడుంటుందో కూడా తెలీదు మేడమ్!" అన్నాడు. బావమరిది రెండుసార్లు చెయ్యి పట్టుకుని లాగాడు. ఓడిపోతానని వీడికి వణుకు పుట్టింది అనుకుని సీట్ల సారు ఇంకా రెచ్చిపోయాడు. అంత బాగా ఆయన జన్మలో మాట్లాడలేదు.

మేడమ్ ఆలోచనలో పడింది. "నిజమే. దిగాక నాకూ నడుము పట్టేసినట్టే అనిపించింది." సేల్స్ మేనేజరుకీ వెంటనే అలాగే అనిపించింది. ఇంజనాయన అప్పటికే నడుం మీద చెయ్యేసుకున్నాడు. అయితే మొదటిదే అని ముగ్గురూ ఒక్క మాట మీదకొచ్చారు.

బావమరిది తలెత్తకుండానే చెప్పాడు. "రెండోది మనది."

సీట్ల సారు గబుక్కున లేచాడు. "మేడమ్, ముందు మీకు రెండోదే కదా నచ్చింది..." అన్నాడు.

"నాకేం తెలుసండీ? తెలిసినవారు మీరు. చేసిన మీరే అంత మాటన్నాక ఇంకేముంది? షెడ్డు మూసేద్దాం" అని మేడమ్ కాగితాలు సర్దుకుంది. ఆయన మీద కోపం కూడా లేదామెకి.

షెడ్డు దాకా బావమరిది వెంట వచ్చాడు. వద్దని చెప్పే ఓపిక కూడా సీట్ల సారుకి లేదు. మిషన్లు ఆపేసి అందరూ లేచి నిలబడ్డారు. కుట్టుపని పెద్దామె ముందుకొచ్చి, "ఏమైంది సార్?" అంది.

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. అంతమంది ముఖాలు చూశాక వెనక్కి పోయింది.

"ఏముందమ్మా, పర్చేజ్ వాళ్ళు ముందే బేరం కుదుర్చుకున్నారు. అంతా ఈయన నిర్వాకమే" అని బావమరిదిని చూపించాడు.

బావమరిది నోరు తెరిచాడు. అక్క గుర్తొచ్చిందో, ఆ క్షణాన బావ ముఖం చూడలేకపోయాడో, మళ్ళీ మూసుకున్నాడు. పెద్దామె అతన్ని ఎగాదిగా చూసింది. అన్నం పెట్టిన చేతినే కరిచినవాణ్ణి చూసినట్టు చూసింది. తర్వాత సీట్ల సారు వైపు తిరిగి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"మీరు బాధపడకండి సార్. మా కోసం మీరు గట్టిగానే మాట్లాడుంటారు. మాకు తెలీదా?"

"మాట్లాడానమ్మా, గట్టిగానే మాట్లాడాను" అన్నాడు సీట్ల సారు.