రెండు గీతల కప్పు

పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆమెను పిలిచిన పెద్దమనుషుల్లారా, మీ చేతులేమన్నా పడిపోయాయా? కాళ్లు విరిగాయా? పక్క బల్లదాకా నడిస్తే తెలిసే సంగతికి కూడా ఆమెనే పిలవాలా?

ఆవేళ ఆఫీసులో ఆమె అప్పుడే కప్పు తుడుచుకుని టీ పోసుకుంటోంది. పింగాణీ కప్పు, పిడి దగ్గర పెచ్చు లేచింది. దానిమీద ఎర్రటి గోళ్లరంగుతో రెండు అడ్డగీతలు.

ఆ ఆఫీసులో కెర్నెల్ అనే ప్రోగ్రాము రాస్తారు. కంప్యూటరుకు అది గుండెకాయ. దానికి తగిలించే ముక్కలు మాడ్యూళ్లు. కెర్నెల్ లోపల వేల పనులు, పనికో పేరు. ఏ పేరు మాడ్యూళ్లకు కనబడాలో, ఏది కనబడకూడదో చూసేది ఆమె. బయటివాళ్లు ముట్టుకోకూడని పేరుకు ముందు రెండు గీతలు పెట్టడం అక్కడి అలవాటు. అందుకే ఆమె అందరికీ రెండుగీతలక్క అయింది. ఆ గీతలు చూసి కప్పును ఎవరూ ముట్టుకోరు. ఆమెను పిలవడానికి మాత్రం ఏ గీతా అడ్డం లేదు.

నెలరోజులుగా మెట్లెక్కితే ఆయాసం, ఎడమ భుజం లాగుడు. గుండె పరీక్ష ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఇవాళ మధ్యాహ్నం ఎలాగైనా వెళ్లాలని టీ కూడా తాగకుండా సంచి భుజాన వేసుకుంది.

"అక్కా!" ప్రింటరును నడిపే మాడ్యూలు రాసే అతను. "మా మాడ్యూలు ఎక్కనంటోంది. మెమరీ ఖాళీచేసే ఆ లోపలి పేరొకటి బయటపెట్టండి. చిటికెలో పని."

"ఇంకో పని మధ్యలో దూరకుండా ముందు తాళం వేసుకోవాలి. వేయకుండా దాన్ని పిలిస్తే మిషనంతా బిగుసుకుపోతుంది. వంటగది తలుపు తీస్తే ఊరంతా గరిటె పట్టుకుంటుందయ్యా."

"ఈ ఒక్కసారికే కదక్కా."

"ఒక్కసారనేది ఉండదు. ఇవాళ బయటపెడితే రేపటికి పదిమంది దానిమీద బతుకుతారు. ఆనక లోపలికి లాక్కుంటే అందరూ కూలబడతారు. పెట్టేదాకానే మన చేతిలో ఉండేది."

ఫోను మోగింది. ఇంటాయన.

"నా కళ్లజోడెక్కడ పెట్టావే?"

"నెత్తిమీద చూసుకోండి."

"ఆఁ, ఉంది."

పెళ్లైన కొత్తలో ఆయన పిలిస్తే మొదటిసారి పలికింది. ఆ తర్వాత అత్త, ఆడబిడ్డ, పిల్లలు, ఆఫీసు. పలకడం మానేస్తే అందరూ కూలబడతారు. ఎవరికో చెప్పిన మాట తనకే తగిలి, ఆమె ఫోను సంచిలో పడేసింది.

ఈలోగా ఆఫీసు పెద్దాయన తన గదిలోంచి వచ్చాడు. "సాయంత్రం కొత్త కెర్నెల్ విడుదలమ్మా. ఆ పేరు బయటపెట్టకపోతే మానె, బయటివాళ్లకు వేరే దారేదో నువ్వే రాసిపెట్టు. వెళ్దువుగాని."

"ఇవాళ డాక్టరు దగ్గరికి..."

"డాక్టరెక్కడికి పోతాడు?"

సంచి కిందపెట్టింది. తాళం వేసి, లోపలి పేరును తానే పిలిచి, మళ్లీ తాళం తీసే చిన్న పని ఒకటి రాసింది. దానికి కొత్త పేరు పెట్టి, ఆ ఒక్కదాన్నే బయటపెట్టింది. లోపలిది లోపలే చల్లగా ఉండిపోయింది. రాస్తున్నంతసేపూ కుడిచేత్తో ఎడమ భుజం నొక్కుకుంటూనే ఉంది. మధ్యాహ్నం దాటిపోయింది.

"ఎక్కిందక్కా!" ప్రింటరతను అరిచాడు.

ఆమె తలూపింది. బల్లమీద చెయ్యి మడిచి తల ఆన్చింది.

"పాపం, పడుకుంది. పిలవకండి," అన్నారెవరో. అన్నేళ్లలో ఆ గదిలో మొదటిసారి ఆమెను ఎవరూ పిలవలేదు. సాయంత్రం విడుదల అయిందని అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకూ ఆమె లేవలేదు.

మర్నాడు పెద్దాయన ఆ బల్ల ముందు నిలబడి, "ఇప్పుడిక ఎవర్నడగాలి?" అన్నాడు. అదీ ఆయన ఏడుపు!

ఎవర్నీ అడక్కండి. ఆమె ఒక్కతే మోసిన పనికి ఇవాళే ముగ్గురిని పెట్టండి. సంచి భుజాన వేసుకున్న మనిషికి దారి వదలండి. ఇంటాయనా, మీ నెత్తి మీరే తడుముకోండి. బల్ల ఖాళీ చేస్తే చేయండి గానీ, ఆ కప్పును మాత్రం ముట్టుకోకండి. మీగడ కట్టిన టీతో, రెండు ఎర్రగీతలతో, ఆమె పెట్టినచోటే ఉంది.