పట్నం జట్టుకు నీళ్ళిచ్చిన ఇల్లు

కేసముద్రం మార్కెట్ యార్డు ఏడాదికి ఒక్కసారే ఖాళీగా కనిపించేది. దసరా వెళ్ళి, కొత్త వడ్లు ఇంకా రాని ఆ కొద్ది రోజుల్లోనే ఊరు కబడ్డీ పోటీలు పెట్టుకునేది. చెరువుమట్టి తెచ్చి పరిచి, మిల్లు ఊక కలిపి, నీళ్ళు చల్లి కాళ్ళతో తొక్కి కోర్టు మెత్తగా చేసేవారు. జనగామ, మానుకోట, చిట్యాల, గూడూరు జట్లు కొన్ని రైలెక్కి, కొన్ని ట్రాక్టర్లెక్కి వచ్చేవి. హైదరాబాదు నుంచి కూడా ఒక జట్టు వచ్చేది. దానికి ఏదో పెద్ద పేరుండేది కాని ఆ పేరుతో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. పట్నం జట్టు అంటే చాలు, వినేవాళ్ళ మొహాలు ముడుచుకునేవి.

వచ్చిన జట్లను ఊళ్ళోని షావుకార్ల ఇళ్ళు పంచుకునేవి. ఇత్తడి చెంబులో చీటీలు వేసి తీస్తే ఏ జట్టు వస్తే ఆ జట్టుకు అన్నం పెట్టాలి, పడక చూపాలి. ఆట నాడు ఆ ఇంటి ఆడమనిషి నీళ్ళబిందె పెట్టుకుని, నడిమి గీత కొసన పీట మీద కూర్చుని తమ జట్టుకు నీళ్ళు అందివ్వాలి. యార్డులో ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చునేది ఆ ఒక్క సందర్భంలోనే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కూత తెగిందా లేదా అన్న తగువు వచ్చి అంపైరుకు తేలకపోతే, బిందెల దగ్గరున్న వాళ్ళను అడిగేవారు. అన్నం పెట్టిన ఇల్లు అబద్ధం చెప్పదని నమ్మకం. బిందె దగ్గర పలికిన మాటకు ఎదురు మాట ఉండేది కాదు.

ఆ ఏడు చెంబులో చెయ్యి పెట్టిన వెంకట్రాజం చీటీ విప్పి చూసుకుని, మళ్ళీ మడిచి రొంటిన దోపుకుని ఇంటికొచ్చాడు.

"ఎవలొచ్చిన్రు?" అని అడిగింది భార్య కనకమ్మ.

"పట్నమోళ్ళు."

కనకమ్మ చేటలోని బియ్యం ఇంకోసారి చెరిగింది. "ఇంకో చీటీ తీయకపోయినవా? అరవై తొమ్మిది ఉద్యమమప్పుడు గీ పట్నం పోరగాండ్లకే బువ్వలు వండి పెట్టిన. అందరం ఒక్కటే అవ్వా అన్నరు. జట్టు కట్టంగనే వేరైన్రు."

వంటింటి గుమ్మంలో ఉన్న కోడలు మనోరమకు మాత్రం ఇంకో కారణానికి దిగులు పట్టుకుంది. ఆమె పుట్టిల్లు పట్నం. సుల్తాన్‌బజార్ సందులో పుట్టి, డిగ్రీ దాకా చదివి, కేసముద్రం ధాన్యం అడ్తి దుకాణం రాజేశానికి భార్యగా వచ్చింది. వచ్చిన నాటి నుంచి ఊళ్ళో ఆమెకు పేరు లేదు. పట్నపామె. ఆమె చారు పెడితే పట్నం చారు, ముగ్గు వేస్తే పట్నం ముగ్గు. ఎదురింటి బట్టల దుకాణం కళావతి ఒక్కతే దగ్గరికి తీసింది. మొన్న బతుకమ్మ నాడు, మొట్టమొదటిసారి, కళావతి అందరిలో "మనోరమా, నీ బతుకమ్మ నడుమల పెట్టు" అని పిలిచింది. మిగతావాళ్ళు కూడా అదే పేరు పలికారు. అది జరిగి ఇంకా పది రోజులు కాలేదు. ఇప్పుడు పట్నం జట్టు పక్కన బిందె పెట్టుకుని కూర్చుంటే ఆ పేరు మళ్ళీ పోతుంది.

"అత్తమ్మా, బిందె దగ్గర మీరు కూసుంటరా?" అని అడిగింది.

"నా మోకాళ్ళు పీట మీద కూసోనిస్తయా? నువ్వే కూసో. నీళ్ళియ్యి. కేక మాత్రం ఎయ్యకు."

జట్టు పొద్దటి రైలుకు దిగింది. వాళ్ళ వెనకే ఒక రైలుపెట్టె నిండా వాళ్ళ మనుషులు దిగారు. డప్పులు, బాకాలు, మెడల్లో ఒకే రంగు రుమాళ్ళు. స్టేషన్ నుంచి యార్డు దాకా ఊగుతూ వచ్చి, ఊరి పెద్దల కోసం వేసిన జంపఖానా మీద అడగకుండా కూర్చున్నారు. ఆట మొదలవకముందే ఒకడు అక్కడి హమాలీలకు ఈల ఎట్ల వేయాలో నేర్పబోయాడు. బస్తా పైకెత్తేటప్పుడు వాళ్ళు వేసే ఈల స్టేషన్ అవతలికి వినిపిస్తుందని అతనికి తెలియదు.

ఇంట్లో మనోరమ అన్నీ గమనించింది. వాళ్ళ మాటలోని ఒక్కొక్క విరుపూ ఆమెకు తెలిసినదే, తన సందులోనిదే. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. బావి నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మి, "ఉప్పగున్నయి భాయ్" అన్నాడొకడు. ఇరానీ చాయ్ దొరుకుతుందా అని ఇంకొకడు అడిగాడు. కెప్టెన్ నర్సింగ్ విస్తరి ముందు కూర్చుని, "అమ్మా, మాకోసం ఎక్కువ తక్లీఫ్ పడకున్రి, ఊర్లె ఏముంటే గదే పెట్టున్రి" అన్నాడు. కనకమ్మ అంతకుముందే పులిహోర, గారెలు, పెసరపప్పు పాయసం చేసి పెట్టింది. ఆమె గారెల గిన్నె కిందపెట్టిన చప్పుడు వాకిలి దాకా వినిపించింది.

బాల్‌రాజ్ అని ఒక బక్క పిలగాడు మాత్రం చింతకాయ తొక్కు రెండోసారి అడిగి వేసుకున్నాడు. తిన్న విస్తరి తనే తీశాడు.

రెండో రోజు పట్నం జట్టు కేసముద్రాన్ని ఓడించింది. కేసముద్రం కెప్టెన్ ధన్‌సింగ్, గూడూరు దగ్గరి తండా మనిషి, యార్డులో హమాలీ. సాయంత్రం వెంకట్రాజంతో మాట్లాడాలని వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయి ఉంది. మనోరమ పసుపు తెచ్చి ఇచ్చింది.

"బాగ ఆడిన్రు అన్నా," అంది.

"ఓడిపోతె ఏడ్వనక్కా. ఆటన్నంక ఓడుతం. నిరుడు మేము గెలిచినం గదా, గీళ్ళ మీద. పేపర్ల ఏం రాసిన్రు ఎరుకేనా? పట్నం జట్టు అనూహ్య ఓటమి అని రాసిన్రు. ఎవల చేతుల ఓడిన్రో కింద్నుంచి రెండో లైన్ల ఉన్నది." పసుపు అద్దుకుంటూ నవ్వాడు. "గెలిచినా ఆళ్ళదే ముచ్చట, ఓడినా ఆళ్ళదే ముచ్చట. గదొక్కటే నాకు మండుతది."

పెళ్ళికి ముందు మనోరమ కూడా పొద్దున్నే పేపరు చదివేది. ఆ రెండో లైను ఏనాడూ చదివిన గుర్తు లేదు.

చివరి ఆట పట్నానికీ జనగామకూ పడింది. మామూలు రోజుల్లో కేసముద్రానికి జనగామ అంటే పడదు. ఆ రోజు మాత్రం ఊరు ఊరంతా జనగామ వైపే. పిల్లలు నూనె డబ్బాలు తెచ్చి కొట్టారు. కూరగాయల గట్టమ్మ గంప మూసేసి వచ్చి, "జనగామ గెలిస్తె అందరికి వంకాయలు ముఫత్" అని ప్రకటించింది. జనగామ జట్టు కళావతి ఇంట్లో దిగింది కాబట్టి ఆమె గీత ఆ కొసన, మనోరమ ఈ కొసన కూర్చున్నారు. ఇద్దరి మధ్యా కోర్టంత దూరం. కళావతి అక్కడి నుంచి కళ్ళతోనే నవ్వింది. మనోరమ కొంగు సర్దుకుని, తన జట్టు వాళ్ళకు గ్లాసులు అందిస్తూ, ఎవరి మొహమూ చూడకుండా కూర్చుంది.

ఆట చివరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. పట్నం వైపు నుంచి బాల్‌రాజ్ కూతకు వెళ్ళాడు. జనగామ వాళ్ళు ముగ్గురు ఒక్కసారి మీద పడ్డారు. ఒకడు కాలు పట్టాడు, ఒకడు నడుము, ఒకడు మెడ. బాల్‌రాజ్ వాళ్ళను ఈడ్చుకుంటూనే మనోరమ కూర్చున్న వైపు పాకాడు. జనం లేచి నిలబడ్డారు. డబ్బాల మోతలో యార్డు రేకులు అదిరాయి. పిలగాడు చెయ్యి చాచి నడిమి గీత తాకాడు. అతని మొహం మనోరమ పీటకు మూరెడు దూరంలో మట్టిలో ఉంది.

అంపైరు సోమయ్య, బడిలో డ్రిల్లు చెప్పే సారు, కోర్టు అవతలి వైపు నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"కూత తెగింది, ఔట్," అని జనం ఒక్క గొంతుతో అరిచారు.

"తెగలే," అన్నాడు నర్సింగ్. పట్నం మనుషులు జంపఖానా మీంచి లేచారు.

సోమయ్య చెవి చేత్తో రుద్దుకున్నాడు. "గీ లొల్లిల నాకేం ఇనరాలే. బిందెలోళ్ళను అడుగుదం." ముందు కళావతి వైపు తిరిగాడు. "చెప్పమ్మా, తెగిందా?"

కళావతి చేతిలోని గ్లాసు బిందె మీద బోర్లించింది. "నాకు ఇనరాలే సారు. దూరం ఉన్న," అంది. అబద్ధం కాదు. ఆ తరవాత ఆమె మనోరమను చూసింది. ఆ చూపులో ఒక దారి ఉంది. నువ్వు కూడా అదే అను, అయిపోతుంది.

మనోరమకు అందరూ కనిపించారు. ధన్‌సింగ్ ఒక స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. గట్టమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. వినరాలేదు అంటే చాలు. సోమయ్య సారు జనం మాట మీదికి పోతాడు, జనగామ గెలుస్తుంది, రేపు బావి దగ్గర ఆమె మనోరమగానే ఉంటుంది. కాని ఆ పిలగాడి గొంతు ఇంకా ఆమె చెవిలోనే ఉంది. సన్నగా, దారమంత, మట్టి కలిసిన గొంతు. గీత తాకిన తరవాత కూడా ఆగలేదు.

"తెగలేదు సారు," అంది. "చెయ్యి గీత మీద పడ్డంక గూడ కూత ఉన్నది. నేను విన్న."

ఎవరూ అరవలేదు. అదే ఆమెకు కష్టమైంది. సోమయ్య చెయ్యెత్తాడు. పట్నం డప్పులు మోగాయి. ఊరి మనుషులు డబ్బాలు చంకన పెట్టుకుని ఒక్కొక్కరే కదిలారు. వెళ్తూ వెళ్తూ గట్టమ్మ పక్కామెతో అన్నది మెల్లగానే, కాని మనోరమకు వినబడేంత మెల్లగా. "ఎంతైన పట్నపామె గదా."

ఆమె బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చింది. కళావతి తలుపు వేసి ఉంది. కనకమ్మ అరుగు మీద పోకచెక్క కత్తిరిస్తోంది. కబురు అప్పటికే చేరినట్టుంది.

"నిజంగ తెగలేదా?" అని అడిగింది, అడకత్తెర ఆపకుండా.

"తెగలేదత్తమ్మా."

"మంచిది. బిందె లోపట పెట్టు."

కాసేపటికి గంప నెత్తిన పెట్టుకుని గట్టమ్మ ఆ దారినే వచ్చింది. వంకాయలు అడగకముందే కింద దించింది, తలెత్తకుండా.

"గట్టమ్మా," అంది కనకమ్మ, "పట్నం మాట అన్నవంట యార్డుల."

"నేనేమన్ననమ్మా, అందరన్నదే అన్న."

"నేను గిన అక్కడ కూసుంటె ఏమంటుంటి? నాకు పట్నమోళ్ళను చూస్తె కడుపుల మంట. అయినా గదే మాట అంటుంటి. అది పట్నం మాట గాదు. మా నీళ్ళబిందె మాట." ఒక వంకాయ ఎత్తి తిప్పి చూసింది. "పుచ్చులున్నయి. మంచియి ఏరియ్యి."

లోపల గడప పక్కన నిలబడ్డ మనోరమ చేతిలోని బిందెను ఇంకా కింద పెట్టలేదు.

పట్నం జట్టు పొద్దుగూకే బండికి బయలుదేరింది. సంచులు సర్దుతుండగా వెంకట్రాజం మాటల్లో కోడలి పుట్టిల్లు చెప్పాడు. నర్సింగ్ మొహం వికసించింది.

"సుల్తాన్‌బజారా? అట్లయితె మనామెనే. గందుకే మన దిక్కు చెప్పింది. నేను అనుకుంటనే ఉన్న, గీ ఊరోళ్ళయితె చెప్తరా?"

అరుగు మీద కనకమ్మ అడకత్తెర ఆగింది. మనోరమకు చెంపలు వేడెక్కాయి. అందాకా ఊరి మీద కాని, గట్టమ్మ మీద కాని రాని కోపం అప్పుడొచ్చింది. తను పలికిన ఒక్క నిజాన్ని కూడా వీళ్ళు సంచిలో వేసుకుని పట్నం పట్టుకుపోతున్నారు.

"నేను మీ దిక్కు చెప్పలేదన్నా," అంది. "కేసముద్రం బిందె దగ్గర కూసొని చెప్పిన. పట్నంల గసుంటి పీట నేనెన్నడు చూడలే. రైలుకు టైమైంది, పోయి రాన్రి."

నర్సింగ్ నవ్వాలో వద్దో తెలియక సంచి భుజాన వేసుకున్నాడు. బాల్‌రాజ్ మాత్రం వెనకబడి, రెండు చేతులూ జోడించి, "తొక్కు మంచిగుండె అక్కా," అన్నాడు. మనోరమ అతనికి ఒక చిన్న సీసాలో తొక్కు పెట్టి ఇచ్చింది.

ఎదురింటి తలుపు ఎప్పుడు తెరుచుకుందో తెలియదు. కళావతి అరుగు మీద కూర్చుని అంతా వింది. రైలు కూత వినిపించాక దారి దాటి వచ్చి, "గట్ల అన్నవేందే ఆయనను," అంటూ మనోరమ పక్కనే కూర్చుంది. "నేను దూరం ఉన్న అన్నది నిజమే. జర ముందటికి వంగితె ఇనపడుతుండె. వంగలే." ఇద్దరూ నవ్వుకున్నారు, కొంచెం ఆలస్యంగా.

రెండు రోజులకు పేపరు వచ్చింది. చదవడం వచ్చిన ఆడమనిషి కాబట్టి అందరూ మనోరమ చుట్టూ చేరారు. పట్నం జట్టు ఘనవిజయం. నర్సింగ్ బొమ్మ. జనం గోల మధ్య పట్నం ఆటగాళ్ళు చూపిన ఓర్పు. జనగామ పేరు ఒక్కసారి. పోటీలు జరిగిన ఊరు, మహబూబాబాద్ సమీపంలోని ఒక గ్రామం.

"ఒక గ్రామమా?" అంది మనోరమ. ఇంకోసారి చదివింది, కేసముద్రం ఏ మూలనో దాక్కుని ఉంటుందన్నట్టు. "రైల్వే స్టేషనున్నది, మార్కెటున్నది. దిగిన ఊరి పేరు రాసుడు చాతకాలేదా వీళ్ళకు? బావి నీళ్ళు ఉమ్మినప్పుడు తెల్వలేదా ఏ ఊరో?"

గట్టమ్మ పక్కామెను మోచేత్తో పొడిచింది. "జూసినవా, మనోరమమ్మకు మనకంటె ఎక్కువ మంట."

ఆ పోటీలు ఇంకో కొన్నేళ్ళు నడిచాయి. తరవాత యార్డులో సిమెంటు గచ్చు వేశారు, గచ్చు మీద కబడ్డీ ఆడితే మోకాళ్ళు మిగలవు. ధన్‌సింగ్ కొడుకులు లారీలు నడిపారు. కనకమ్మ పోయింది. బిందె మాత్రం వంటింట్లోనే ఉంది. ఎనభైల్లో రాజేశం మంచి రేడియో కొన్నాడు. అప్పటి నుంచి ఏ ఆటైనా సరే, ఏదో పెద్ద పట్నం జట్టు ఓడిందని వార్తల్లో చదివితే మనోరమ చేతిలో పని ఆపుతుంది. ఓడించింది ఏ ఊరో, ఆ పేరు కూడా చెప్తారేమోనని, వార్తలు అయిపోయేదాకా రేడియో దగ్గరే కూర్చుంటుంది.